సీసాలో నీళ్లు షట్టర్ మీద పోసిన ఆఫీసర్: అసలు మంటల దగ్గర పెత్తనం ఎవరిది?

వంశధార_కుర్రాడు (రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా, వంశధార పక్క ఊరు. పేరు వద్దులెండి, ఇక్కడ అందరికీ అందరూ తెలుసు.

పోయిన వారం రాత్రి పదకొండు దాటాక మా బావ షాపు కాలిపోయింది. కింద కిరాణా, ప్లాస్టిక్ బిందెలు, కుర్చీలు. పైన ఇల్లు. షట్టర్ సందుల్లోంచి పొగ వస్తుంటే ఎవరో చూసి లేపారు. అక్కా పిల్లలూ దిగిపోయారు కానీ, అక్క వాళ్ల అత్తగారు పైనే ఉండిపోయారు. మోకాళ్ల నొప్పులు, లేచి నడవలేరు. దమకలకి ఫోన్ చేశాం. (ఆంధ్రా వైపు వాళ్ల కోసం: ఇక్కడ ఫైరింజన్‌ని దమకల అంటాం.)

బండి వచ్చింది. ఆరుగురు దిగారు. ఆఫీసర్ బక్కపల్చని మనిషి, ముప్పై అయిదు ఉంటాయేమో. దిగీ దిగగానే నీళ్లు కొడతారనుకున్నాం. ఆయన టార్చ్ పట్టుకుని మెల్లగా వెనక సందులోకి వెళ్లాడు! తిరిగొచ్చి నా చేతిలో ఉన్న మంచినీళ్ల సీసా లాక్కుని షట్టర్ మీద పైనుంచి కిందికి పోశాడు. మతి పోయిందా ఈయనకి అనుకున్నాను. మేం నలుగురం గునపాలతో షట్టర్ ఎత్తడానికి రెడీగా ఉంటే ఒడియాలో గట్టిగా అరిచి వెనక్కి తోయించాడు. ఒక పైపు పక్కింటి మెట్ల మీదికి పంపాడు. ఇంకో పైపు వెనక తాటాకు ఇళ్ల మీదికి. అవి అసలు అంటుకోనే లేదు! షాపుకి నీళ్లు పడింది అందరికంటే చివర్లో. అప్పటికి బూడిదే మిగిలింది.

అరగంటకి జీపులో పెద్ద ఆఫీసర్ వచ్చాడు. ఆయనైనా ఏదో చేస్తాడనుకుంటే, ఈ బక్కాయన పక్కన నిలబడి తలూపుతున్నాడు.

ఇన్సూరెన్స్ లేదు. బావ అన్నం తినడం మానేశాడు. అక్కడ ఆర్డర్ వేసేది ఎవరు, దేన్ని బట్టి వేస్తారు? కంప్లైంట్ పెట్టొచ్చా?

మజ్జిగౌరమ్మ_దయ (9:58)

అయ్యో. పెద్దావిడ ఎలా ఉన్నారు బాబూ? అది చెప్పకుండా షాపు సంగతి రాశావేంటి.

వంశధార_కుర్రాడు (10:03)

సారీ ఆంటీ. బాగానే ఉన్నారు. పక్కింటి డాబా మీంచి దింపుకొచ్చారు. ఒక రాత్రి ఆక్సిజన్ పెట్టారు, ఇప్పుడు ఇంట్లోనే. పొగాకు చుట్ట అడుగుతున్నారంట.

బరంపురం_బుల్లెట్ (10:11)

కంప్లైంట్ పెట్టు బ్రదర్. కాలుతున్న షాపుని వదిలేసి కాలని గుడిసెల్ని తడపడం ఎక్కడైనా ఉందా? ఇళ్లంటుకున్నాక బావి తవ్వడం విన్నాం, ఇది అంతకంటే వింత.

పాత_లీడింగ్ (10:47)

తమ్ముడూ, నేను ముప్పై మూడేళ్లు ఈ ఖాకీలో ఉండి లీడింగ్ ఫైర్‌మన్‌గా దిగిపోయాను. ఇప్పుడు పర్లాకిమిడి దగ్గర కొబ్బరి చెట్లు చూసుకుంటున్నాను. ఆ ఆఫీసర్ ఎవరో నాకు తెలీదు, వెనకేసుకురావాల్సిన పనీ లేదు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తప్పులని నువ్వు రాసినవాటిలోనే ఆయన ఏం ఆలోచించాడో కనిపిస్తోంది.

ఒక్కటి చెప్పు ముందు. షట్టర్ మీద పోసిన నీళ్లు ఎక్కడిదాకా ఆరిపోయాయి?

వంశధార_కుర్రాడు (10:52)

పైనంతా చుయ్యిమని ఆరిపోయింది. మోకాలి కింద మాత్రం తడి నిలిచింది. ఎందుకండీ?

పాత_లీడింగ్ (11:20)

అయితే ఆ గునపం ఆపినందుకు ఆయనకి ఒక దణ్ణం పెట్టుకో.

మూసిన గదిలో వేడి పొగ పైకప్పు నుంచి కిందికి నిండుతూ వస్తుంది. షట్టర్ రేకు మీద ఎక్కడిదాకా నీళ్లు ఆవిరైపోయాయో అక్కడిదాకా ఆ వేడి దిగినట్టు. నడుం దాకా అయితే ఒక లెక్క. మోకాలి దాకా అంటే లోపల గది గదంతా కాలడానికి సిద్ధంగా ఉండి గాలి కోసం చూస్తోందని అర్థం. ప్లాస్టిక్ సామాను పొగ మామూలు పొగ కాదు, అదే ఇంధనం. అప్పుడు షట్టర్ రెండడుగులు ఎత్తారనుకో, గాలి లోపలికి దూరుతుంది, క్షణాల్లో మొత్తం పొగ మంటై బయటికి తన్నుతుంది. ఎదురుగా నలుగురు గునపాలతో. పైన ముసలావిడ.

వెనక సందులోకి మెల్లగా వెళ్లాడన్నావు. పరిగెత్తకూడదు, పరిగెత్తితే కళ్లు చూడవు. ముందు నుంచి ఇంటి ముఖం ఒక్కటే కనిపిస్తుంది. వెనక కిటికీ ఉందా, కరెంటు తీగ ఎక్కడ వేలాడుతోంది, గాలి ఎటు, పొగ నల్లగా ముద్దగా తోసుకొస్తోందా, తాటాకు ఎంత దగ్గర, గ్యాస్ సిలిండర్లు ఎక్కడ? ఇవన్నీ ఒక్క చుట్టులో చూసుకోవాలి. ఆ రెండు నిమిషాలు జనానికి రెండు గంటల్లా ఉంటాయి, నాకు తెలుసు. నా వీపు మీద కూడా రాళ్లు పడ్డాయి.

తర్వాత లెక్క. మామూలు బండిలో 4500 లీటర్లు పడతాయి. ఒక పైపు నిమిషానికి 450 తాగిందనుకో, పది నిమిషాలు. రెండు పైపులు విప్పితే అయిదు. రెండో బండి వచ్చేదాకా ఆయన చేతిలో ఉన్నది ఆ అయిదు నిమిషాలే. దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలి? ముందు ప్రాణం. తర్వాత మంట పాకకుండా కట్టడి. ఆ తర్వాతే సామాను. షాపు అప్పటికే పోయింది తమ్ముడూ. బాధగా ఉంటుంది కానీ, మోకాలి గీత ఆ మాట చెప్పేసింది. పోయినదాని మీద నీళ్లు పోసి, తాటాకు వీధికి నిప్పురవ్వ పడనిస్తే పదిహేను కొంపలు పోయేవి. ఎండాకాలం తాటాకిల్లు కళ్లముందే ఎలా పోతుందో నీకు నేను చెప్పాలా.

పెద్ద ఆఫీసర్ సంగతి రేపు రాస్తాను. కళ్లు లాగుతున్నాయి.

బరంపురం_బుల్లెట్ (11:34)

థియరీ బాగుంది పెద్దాయనా. షాపు పోయినవాడికి థియరీ చెబితే కడుపు నిండుతుందా? బండి ఎన్ని నిమిషాలకి వచ్చింది, అది అడగండి ముందు. అయిదు నిమిషాల నీళ్లతో పంపడమేంటి? డిపార్ట్‌మెంట్ వాళ్లు డిపార్ట్‌మెంట్ వాళ్లనే సమర్థిస్తారు.

వంశధార_కుర్రాడు (11:40)

బండి వచ్చేసరికి దగ్గర దగ్గర అరగంట. రోడ్డు మీద పెళ్లి పందిరి అడ్డం, అది విప్పించాల్సి వచ్చింది. పందిరి వేసింది మా వీధివాళ్లే.

పాత_లీడింగ్ (పొద్దున 6:15)

బుల్లెట్ బాబూ, నీ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. స్టేషన్లు దూరం, బండ్లు తక్కువ. దాని మీద కంప్లైంట్ పెట్టండి, నేనూ సంతకం పెడతాను. కానీ అది ఆ రాత్రి రోడ్డు మీద నిలబడ్డవాడి తప్పు కాదు. ఉన్న నీళ్లతో, ఉన్న మనుషులతో చేయాల్సింది ఆయన చేశాడా లేదా అన్నదే నేను చూస్తున్నాను.

పెద్ద ఆఫీసర్ ఎందుకు తలూపాడంటే, పెద్దవాడు రాగానే పెత్తనం దానంతట అది చేతులు మారదు. ముందు వచ్చినవాడు ఏం చూశాడు, ఎవరిని ఎక్కడ పెట్టాడు, ఇంకా ఏం మిగిలింది అన్నది ఎదురుగా నిలబడి చెప్పాలి. విన్నాక 'సరే, ఇక నేను చూసుకుంటా' అనైనా అనాలి, 'నడిపించు, నేను వెనకున్నా' అనైనా అనాలి. పని సవ్యంగా నడుస్తుంటే తెలివైనవాడు రెండోది అంటాడు. ఏదీ అనకుండా ఇద్దరూ ఆర్డర్లు వేస్తే పైపు పట్టుకున్నవాడు చస్తాడు. ఊరికే అన్న మాట కాదు ఇది.

నా సొంత తప్పు ఒకటి చెప్తాను. ఊరూ స్టేషనూ వద్దు. జీడిగింజల గోదాము. జీడిపిక్కల తొక్కలో నూనె ఉంటుంది, అంటుకుందంటే నల్లటి పొగ, కళ్లలో కారం కొట్టినట్టు. మా ఆఫీసర్ లోపలికెళ్లి కొట్టాలని నిర్ణయించాడు, ఇద్దర్ని పైపుతో పంపాడు. నేను వెనక వైపున్నాను. కిటికీలోంచి మంట నాలుక చాచి కనిపించింది. ఎవరినీ అడగలేదు, ఆ కిటికీలోకి నా పైపు తిప్పాను. మంచి పనే చేస్తున్నాననుకున్నాను! నీరు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు ఉబ్బుతుంది. ఆ ఆవిరీ ఆ వేడీ లోపలున్న ఇద్దరి మీదికి పోయాయి. ఒకడి మెడా చెవీ ఉడికిపోయాయి. వాడి చెవి అంచు ఇప్పటికీ ఎండుటాకులా ముడుచుకునే ఉంటుంది. పెళ్లిళ్లలో కలిస్తే నేను ఆ వైపు కూర్చోను.

లోపలికెళ్లి కొట్టడం ఒక దారి. బయట నిలబడి పాకకుండా ఆపడం ఇంకో దారి. ట్రైనింగ్‌లో అఫెన్సివ్, డిఫెన్సివ్ అంటారు. ఒకే కొంప మీద ఒకేసారి రెండూ నడపకూడదు. దారి మార్చాలనుకుంటే ముందు లోపలున్నవాళ్లని బయటికి పిలవాలి, తలలు లెక్కపెట్టుకోవాలి, ఆ తర్వాతే బయటి పైపులు. ఆ మాట చెప్పే నోరు ఒక్కటే ఉండాలి.

ఫ్యాక్టరీ_సేఫ్టీ (7:50)

పాత లీడింగ్ గారూ, ఆ చెవి సంగతి చదివాక నా కాఫీ చల్లారిపోయింది.

నేను రాయగడ వైపు ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ చూస్తాను. రెండు మాటలు. ఒకటి, పెద్ద ప్రమాదాలకి ఈ పెత్తనం ఎలా ఉండాలో ఎన్‌డీఎంఏ (జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ) 2010లో ఒక పద్ధతి రాసిపెట్టింది, ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ అంటారు. దాని మూలం 1970లో కాలిఫోర్నియా అడవి మంటలు. అక్కడ ఎవరి రేడియో వాళ్లది, ఎవరి భాష వాళ్లది, ఎవరి బాసు వాళ్లకి అయిపోయి పరువు పోయింది. అందుకని ఒక కమాండర్, ఆయన కింద పని నడిపేవాళ్లు, ప్లాన్ చూసేవాళ్లు, సామాను అందించేవాళ్లు అని విడగొట్టారు. ఒక మనిషి నేరుగా అయిదుగురిని చూసుకోగలడు, ఏడు దాటితే పట్టు జారుతుందని లెక్క. మాక్ డ్రిల్‌లో నేను పదకొండు మందికి ఆర్డర్లు వేయబోయాను ఒకసారి. ఎనిమిదోవాడు ఏ గేటు దగ్గరున్నాడో నాకే గుర్తులేదు.

రెండోది, గ్యారీ క్లైన్ అని అమెరికా సైకాలజిస్ట్ 1980లలో ఫైర్ కమాండర్ల మీద పరిశోధన చేశాడు. రెండు దారులు పక్కపక్కన పెట్టి తూచి ఒకటి ఎంచుకుంటారని ఆయన ఊహ. వాళ్లేమో 'మేం ఏదీ ఎంచుకోం, చూడగానే ఏం చేయాలో తెలుస్తుంది' అన్నారట. తవ్వి చూస్తే తేలింది ఏంటంటే, ఎక్కువసార్లు వాళ్లు ఇప్పటి మంటని పాత అనుభవాల్లో ఒకదానితో పోల్చుకుంటారు, మొదట తట్టిన దారినే మనసులో ఒకసారి నడిపి చూస్తారు, ఎక్కడా తట్టుకోకపోతే అదే ఆర్డర్. తట్టుకుంటే రెండోది. మన ఇళ్లలో అమ్మమ్మలు పులుసు మరిగే వాసన బట్టి ఉప్పు చెప్పేసినట్టు.

ఇందులో ప్రమాదమూ ఉందని నా అభిప్రాయం. పాత కేసుతో పోలిక తప్పితే ఆర్డరూ తప్పుతుంది. అందుకే సీసాలో నీళ్లు. తనకి తట్టినదాన్ని రేకు మీద సరిచూసుకున్నాడన్నమాట.

ప్రాణహిత_సిరొంచ (9:05)

మహారాష్ట్ర నుంచి ఒక తెలుగోణ్ణి. మా దగ్గర ఇళ్ల మంటల కంటే అడవి మంటలు ఎక్కువ. ఇప్పపువ్వు రాలే రోజుల్లో చెట్టు కింద ఆకులు కాలుస్తారు, పువ్వు ఏరుకోవడానికి వీలుగా ఉంటుందని. ఆరిందనుకుని ఇంటికెళ్తారు. మధ్యాహ్నం గాలి లేస్తుంది.

నేను రెండు సీజన్లు ఫారెస్టు వాళ్లతో కూలికెళ్లాను. గార్డు మొదటి రోజే చెప్పాడు: మంట తలకి, అంటే ముందుకు దూసుకొచ్చే అంచుకి, ఎదురెళ్లొద్దు, గుట్ట మీద నిలబడి కింది మంట కోసం కాచుకోవద్దు, ఎక్కుడులో అది మనిషికంటే స్పీడు. రోడ్డో వాగో ఉన్నచోట మొదలుపెట్టి, అక్కణ్నుంచి పక్కలు ఊడ్చుకుంటూ పోవాలి, అప్పుడు మంట మన వెనక్కి తిరగదు. ఒకణ్ణి పని చెప్పకుండా ఎత్తు మీద నిలబెట్టేవాడు, ఊరికే చూడమని. మేమంతా వాణ్ణి ఎగతాళి చేసేవాళ్లం, ఊరికే నిలబడినా కూలి అంతే కదా అని. మూడో రోజు గాలి తిరిగింది, వాడు ఈల వేశాడు. మేం కాలిపోయిన నేల మీదికి పరిగెత్తాం. చెప్పుల అడుగులు కరిగిపోయాయి, మనుషులం బాగున్నాం. ఆ తర్వాత ఎవడూ నవ్వలేదు.

టీచరమ్మ_రాయగడ (11:30)

ఏటా ఏప్రిల్ 14తో మొదలయ్యే అగ్నిమాపక వారంలో బడికి ఫైర్ వాళ్లొచ్చి సిలిండర్ మంట ఆర్పి చూపిస్తారు. ఆ తేదీ ఎందుకో పిల్లలకి చెప్పాలని చదివాను, చదివాక నిద్ర పట్టలేదు. 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ. దాదాపు 1400 టన్నుల పేలుడు సామగ్రి, అదే ఓడలో పత్తి బేళ్లు. మధ్యాహ్నం రెండు ప్రాంతంలో పొగ చూశారు. పేలింది నాలుగు దాటాక. రెండు గంటల టైముంది!

ఆ రెండు గంటల్లో నీళ్లు కొడుతూనే ఉన్నారు. పొగ మాత్రం తగ్గలేదు. ఓడని ముంచేయాలా, రేవు నుంచి బయటికి లాగేయాలా, జనాన్ని ఖాళీ చేయించాలా? కెప్టెన్‌కి ఒక అధికారం, రేవు వాళ్లకి ఒకటి, ఫైర్ వాళ్లకి ఒకటి, పేలుడు సామగ్రి అధికారికి ఒకటి. అందరూ సలహా ఇచ్చినవాళ్లే, 'ఇదే చేయండి' అని తేల్చి చెప్పే అధికారం ఉన్నవాడు లేడు. 66 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు.

మా పిల్లలకి మాత్రం ఓడలోంచి బంగారు కడ్డీలు ఎగిరిపడ్డాయన్న ముక్క ఒక్కటే గుర్తుంది, ఏం చేస్తాం.

రంపం_మావయ్య (12:10)

పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అప్పుడు మా ఇంటి వసారా మీద పనసచెట్టు పడింది. రంపాలతో టీమ్ వచ్చింది, మా చెట్టు చూసింది, దాటుకుని పోయింది. నేను బూతులు తిట్టాను. తర్వాత తెలిసింది, ఆసుపత్రి రోడ్డు ముందు తెరవమని ఆర్డర్. రెండో రోజు వచ్చి మాది కోశారు. నేను మజ్జిగ ఇచ్చాను, తిట్టిన సంగతి ఎత్తలేదు, వాళ్లూ ఎత్తలేదు.

బరంపురం_బుల్లెట్ (12:25)

సరే ఒప్పుకుంటున్నా, గుడిసెలు తడపడం కరెక్టే. కానీ ఒక్క ముక్క చెప్పొచ్చు కదా జనానికి? 'ఎత్తితే పేలుద్ది, వెనక్కి రండి' అని. చెప్పి ఉంటే ఈ అబ్బాయి వారం రోజులు కుళ్లిపోయేవాడు కాదు.

పాత_లీడింగ్ (12:40)

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. మాలో చాలామందికి ఉన్న లోపమే ఇది. పైపు పట్టడం నేర్పారు, మాట చెప్పడం నేర్పలేదు.

వంశధార_కుర్రాడు (మూడు రోజుల తర్వాత, సాయంత్రం 6:30)

ఫైర్ రిపోర్టు కోసం బావని తీసుకుని స్టేషన్‌కి వెళ్లాను. తాసిల్దార్ ఆఫీసులో సాయం అడగాలంటే అది కావాలన్నారు. బక్కాయన ఉన్నాడు. బాలాసోర్ వైపు మనిషి, తెలుగు రాదు. నాకొచ్చిన ఒడియాలో అడిగేశాను, మాకు ఎందుకు చెప్పలేదని.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆ రాత్రి నాకు టెన్షన్ పెట్టింది మంట కాదు, మీరు. నలభై మంది ఒకేసారి తెలుగులో అరుస్తున్నారు. లోపల ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంటే అందరూ షట్టర్ చూపిస్తున్నారు. ఒక్క చిన్నపిల్ల మాత్రం పైకి చెయ్యి చూపించి 'నానమ్మ' అంది."

ఆ పిల్ల మా మేనకోడలు. ఏడేళ్లు.

పాలు పోసే కుర్రాడికి రెండు భాషలూ వస్తాయని చూసి ఆయన వాడి చొక్కా పట్టుకుని చివరిదాకా పక్కనే నిలబెట్టుకున్నాడంట. మేం చూడనేలేదు, మా కళ్లన్నీ షట్టర్ మీదే. బావ ఆయనతో ఏం మాట్లాడలేదు. లేచేటప్పుడు చెయ్యి పట్టుకుని కొంచెంసేపు వదల్లేదు, అంతే.

కంప్లైంట్ ఫైర్ స్టేషన్ మీద పెట్టడం లేదు. రోడ్డు మీద పందిళ్ల గురించి, మా వైపు ఇంకో బండి గురించి అర్జీ రాస్తున్నాం. టీచరుగారూ, ఒడియాలో రాసిపెడతారా?

టీచరమ్మ_రాయగడ (6:41)

పంపు బాబూ. రాత్రికి రాసిస్తాను.

వంశధార_కుర్రాడు (6:55)

ఇంకోటి, పాత లీడింగ్ గారూ. షాపు మళ్లీ కడుతున్నాం. వెనక గోడకి కిటికీ గ్రిల్లు వద్దు, తలుపు పెట్టమని ఆఫీసర్ అన్నాడు. మేస్త్రీ దొంగలొస్తారు అంటున్నాడు, బావ అటూ ఇటూ ఊగుతున్నాడు. మేడ మెట్లు కూడా షాపు లోపల్నుంచే వేస్తానంటున్నాడు మేస్త్రీ, చోటు కలిసొస్తుందని.

పాత_లీడింగ్ (7:02)

మెట్లు లోపల్నుంచి వద్దే వద్దు. కింద షాపు అంటుకుంటే పైవాళ్లకి దిగే దారే ఉండదు. బయటి గోడకి వేయించు. వెనక తలుపు ఇనుపది పెట్టి, లోపల్నుంచి తాళంచెవి లేకుండా తీసే గడియ పెట్టమను. గోడ లేపకముందే ఫొటో పెట్టు, చూసి చెప్తాను.